గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో గేమ్: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మానాలి

లాప్‌టాప్‌లో గేమ్ నత్తనడక నడుస్తుంటే చాలామంది ముందు చేసే పని యూట్యూబ్ తెరవడం. ఎఫ్‌పీఎస్ రెట్టింపు చేస్తానంటూ ఒకాయన రిజిస్ట్రీలో ఏదో అంకె మార్చమంటాడు. ఇంకొకాయన టెంప్ ఫైళ్లన్నీ తుడిచేయమంటాడు. మూడో ఆయన వీడియో కింది లింకులో ఉన్న ‘బూస్టర్’ దించుకోమంటాడు. అన్నీ చేశాక గేమ్ ఎప్పటిలాగే ఉంటుంది, ఒక్కోసారి విండోసే మొరాయిస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌కి నిజంగా పనికొచ్చే పనులు నాలుగైదుకు మించి లేవు. పెద్దగా డబ్బు ఖర్చయ్యేది వాటిలో ఒక్కదానికే.

ఈ మాటలు గేమింగే బతుకుతెరువైన వాళ్ల కోసం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో యాభై వేల చుట్టుపక్కల ఒక లాప్‌టాప్ కొనుక్కుని, పగలంతా ఎక్సెల్‌తోనో కోడ్‌తోనో కుస్తీ పట్టి, రాత్రి భోంచేశాక కాసేపు ఆడుకుందామనుకునే వాళ్ల కోసం. లక్ష రూపాయల గేమింగ్ లాప్‌టాప్‌కి ఈఎంఐ కట్టడం మొదలుపెట్టే ముందు, చేతిలో ఉన్నది ఎంత దూరం వస్తుందో చూసుకోవాలి కదా.

అయితే ఆ లాప్‌టాప్ మీ సొంతమై ఉండాలి సుమా. కంపెనీ ఇచ్చిన దాంట్లో గేమ్ వేయకండి. వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటర్‌తో పాటు వచ్చే వాన్‌గార్డ్ అనే యాంటీ-చీట్ ప్రోగ్రాం విండోస్ కెర్నల్ స్థాయిలో పనిచేస్తుంది. గేమ్ తెరవకపోయినా, మెషీన్ ఆన్ చేసినప్పటి నుంచీ అది లోపల ఉంటుంది. క్లయింటు డేటా ఉన్న మెషీన్‌లో అలాంటిది ఐటీ విభాగం కంటపడితే చెప్పుకోవడానికి మీ దగ్గర సమాధానం ఉండదు. ఇక దాని అడుగు మూత విప్పి ర్యామ్ మార్చడం గురించి వేరే చెప్పాలా?

ఇప్పుడు అసలు సంగతి. విడి గ్రాఫిక్స్ కార్డుకి తన సొంత మెమరీ ఉంటుంది. ప్రాసెసర్‌లోనే కలిసి వచ్చే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కి ఆ భాగ్యం లేదు, ప్రాసెసర్ వాడుకునే ర్యామ్‌నే అదీ పంచుకోవాలి. ఒక్క కుళాయి కింద రెండిళ్ల వాళ్లు బిందెలు పెట్టుకున్నట్టు. చాలా గేముల్లో చిప్‌కి శక్తి చాలక కాదు, కావలసిన డేటా వేళకు అందక ఫ్రేములు పడిపోతాయి. డీడీఆర్4-3200 ర్యామ్ స్టిక్ ఒక్కటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ డేటా అటూ ఇటూ కదలగలదు. అలాంటివే రెండు ఉండి రెండు చానెళ్లూ పనిచేస్తే 51.2 జీబీ. 2019లో ఎన్విడియా చవక రకంగా తెచ్చిన జీటీఎక్స్ 1650 కార్డుకే తన సొంత మెమరీతో 128 జీబీ వస్తుంది. తేడా ఎక్కడుందో ఈ మూడు అంకెలే చెబుతాయి.

ఇంటిగ్రేటెడ్ అనగానే పెదవి విరిచేవాళ్లు ఒక సంగతి మర్చిపోతారు. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4లోనూ ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఒకే చిప్ మీద ఉంటాయి, మెమరీ కూడా ఉమ్మడే. కాకపోతే సోనీ అందులో సెకనుకు 176 జీబీ మోసే జీడీడీఆర్5 పెట్టింది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్‌లోనూ ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్సే. అది సుమారు 15 వాట్ల కరెంటుతో నడుస్తుంది, తెర 1280 × 800 మాత్రమే, మెమరీ మాత్రం సెకనుకు 88 జీబీ. ఆ రెండు యంత్రాలనూ తయారుచేసినవాళ్లు చేసిన పనులే మనం మన పరిధిలో చేయాలి: మెమరీ దారిని వెడల్పు చేయడం, పిక్సెళ్లు తగ్గించడం, వేడిని అదుపులో పెట్టడం.

మెమరీతో మొదలుపెడదాం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆ కింద మెమరీ. కుడివైపు దిగువన ‘స్లాట్స్ యూజ్డ్’ అన్న చోట 2లో 1 అని ఉంటే మీ పంట పండినట్టే, ఎందుకంటే బాగుచేసుకోవడానికి చోటు ఉంది. మన దగ్గర అమ్ముడయ్యే మధ్యరకం లాప్‌టాప్‌లలో చాలావాటిలో 8 జీబీ స్టిక్ ఒక్కటే పెట్టి పంపుతారు. ఖర్చు తగ్గుతుంది, డబ్బా మీద రాసే అంకె మాత్రం మారదు.

ఇంటెల్ లాప్‌టాప్‌లలో దీన్ని పట్టుకోవడానికి ఇంకో ఆనవాలు ఉంది. 11వ తరం నుంచి వచ్చిన అనేక ఐ5, ఐ7 చిప్‌లలో ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ ఉంటుంది. కానీ ఆ పేరు పెట్టుకోవాలంటే ర్యామ్ రెండు చానెళ్లలో ఉండాలన్నది ఇంటెల్ పెట్టిన షరతు. ఒక్క స్టిక్కే ఉంటే అదే చిప్ డివైస్ మేనేజర్‌లో యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని కనపడుతుంది. మీ ప్రాసెసర్ వివరాల్లో ఐరిస్ ఎక్స్‌ఈ అని రాసి ఉండి, మెషీన్‌లో మాత్రం యూహెచ్‌డీ అని చూపిస్తుంటే దుకాణదారు మోసం చేశాడని అనుకోకండి. రెండో స్టిక్ వేయగానే పేరు దానంతట అదే మారుతుంది.

డీడీఆర్5 లాప్‌టాప్ వాళ్లు ఒక చోట పొరబడే అవకాశం ఉంది. డీడీఆర్5లో ఒక్కో స్టిక్ లోపలే 32 బిట్ల చానెళ్లు రెండు ఉంటాయి. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాంలో 2 × 32 బిట్ అని చూసి ‘నాది డ్యూయల్ చానెలే’ అనుకుంటారు. కాదు, మొత్తం 64 బిట్లే, అంటే సగం దారే. రెండు స్టిక్కులు ఉంటే 4 × 32 అని చూపించాలి.

రెండో స్టిక్ కొనేటప్పుడు చూసుకోవలసినవి పెద్దగా లేవు. లాప్‌టాప్‌లకు సో-డిమ్ అనే పొట్టి రకం వాడతారు. డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 దిగదు, గాడి స్థానమే వేరు. వేగం లోపల ఉన్నదానికి సమానంగా ఉండాలి. వేరువేరు వేగాలవి పెడితే రెండూ తక్కువ వేగానికే వస్తాయి. బ్రాండు ఒకటే కావాలన్న నియమం లేదు. 8 జీబీ బోర్డుకే అతికించి ఉండి ఒక స్లాట్ ఖాళీగా ఉంటే అందులో ఇంకో 8 వేయడం అన్నింటికన్నా శ్రేష్ఠం. 16 వేసినా నష్టం లేదు: మొదటి 16 జీబీ రెండు చానెళ్లలో, మిగిలిన 8 ఒక చానెల్‌లో నడుస్తాయి. ర్యామ్ అంతా బోర్డుకే అతికించిన పల్చని లాప్‌టాప్ అయితే ఈ దారి మూసుకున్నట్టే. కొనే ముందు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ తయారీదారు వెబ్‌సైట్ నుంచి దించుకుని చూడండి, స్లాట్లు ఎన్నో అందులో బొమ్మతో సహా ఉంటుంది.

హైదరాబాద్ వాళ్లకి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ, బెంగళూరులో ఉద్యోగం చేసేవాళ్లకి ఎస్పీ రోడ్ ఉండనే ఉన్నాయి. ఆన్‌లైన్ ధర చూసుకుని వెళ్లండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్ల కోసం చిప్‌లు అటు తరలిపోతున్నాయి, ఆ భారం మన మీద పడింది. అందుకని సెకండ్ హ్యాండ్ స్టిక్ తీసుకున్నా తప్పులేదు. విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నస్టిక్ ఒకసారి నడిపి, తప్పులు చూపకపోతేనే డబ్బు ఇవ్వండి. వారంటీ ఉన్న లాప్‌టాప్ అయితే సర్వీస్ సెంటర్‌లోనే వేయించుకోవడం మేలు. మీరే విప్పుతుంటే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. కొత్త స్టిక్ వేశాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ముఖ్యంగా డీడీఆర్5లో, తెర కొద్ది నిమిషాలు నల్లగానే ఉండిపోవచ్చు. మెషీన్ కొత్త మెమరీని అలవాటు చేసుకుంటోంది. కంగారుపడి పవర్ బటన్ నొక్కేయకండి.

ఇంతా చేస్తే వచ్చేదెంత? గేమ్‌ని బట్టి మూడో వంతు పెరగడం మామూలే, మెమరీ మీద బాగా ఆధారపడే వాటిలో ఇంకా ఎక్కువ. దానికన్నా పెద్ద లాభం ఇంకోటి ఉంది. 8 జీబీలో విండోస్, బ్రౌజర్, టీమ్స్ పోగా మిగిలేది గేమ్‌కీ గ్రాఫిక్స్‌కీ కలిపి చాలదు. అప్పుడు విండోస్ కొంత డేటాను డిస్క్ మీదకి తోస్తుంది, మీరు మలుపు తిరిగిన ప్రతిసారీ గేమ్ ఒక్క క్షణం బిగుసుకుంటుంది. సగటు ఎఫ్‌పీఎస్ బాగానే ఉన్నా ఆట చికాకు పుట్టించడానికి కారణం ఈ బిగుసుకోవడమే. 16 జీబీ ఉంటే అది చాలావరకు పోతుంది. కొత్త ఎస్ఎస్‌డీ వేస్తే ఎఫ్‌పీఎస్ పెరుగుతుందన్నది మాత్రం భ్రమ. గేమ్ తొందరగా తెరుచుకుంటుంది, అంతే.

బయోస్‌లో గ్రాఫిక్స్‌కి ఇచ్చే మెమరీ పెంచితే వేగం వస్తుందని కూడా అంటుంటారు. ఏఎండీ మెషీన్లలో దాని పేరు యూఎంఏ ఫ్రేమ్ బఫర్. అది ఆ చిప్ కోసం ముందే పక్కన పెట్టే వాటా మాత్రమే. అవసరమైతే మామూలు ర్యామ్‌లో సగం దాకా విండోస్ ఎటూ ఇస్తుంది. ‘వీడియో మెమరీ చాలదు’ అని గేమ్ అసలు తెరుచుకోకపోతే, మీ దగ్గర 16 జీబీ ఉంటే, 2 జీబీకి పెంచండి. 8 జీబీ మెషీన్‌లో పెంచితే ఉన్న ఇబ్బంది రెట్టింపవుతుంది.

ఇక వేడి, కరెంటు. పల్చని లాప్‌టాప్ చిప్‌లు చాలావరకు 15 నుంచి 28 వాట్ల మధ్య నడుస్తాయి. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్‌కీ కలిపి అంతే. ఒకటి ఎక్కువ తింటే రెండోదానికి తగ్గుతుంది. అందుకే ఛార్జర్ పెట్టకుండా ఆడటం శుద్ధ దండగ. సెట్టింగ్స్‌లో పవర్ మోడ్‌ని బెస్ట్ పెర్ఫార్మెన్స్‌కి మార్చండి, లాప్‌టాప్ కంపెనీ వాళ్ల సొంత యాప్‌లో కూడా అలాంటి మీట ఒకటి ఉంటే అదీ. చాలామంది గమనించని ఉపాయం ఫ్రేములకు కళ్లెం వేయడం. గేమ్ 35కీ 60కీ మధ్య ఊగిసలాడుతుంటే 30 దగ్గర ఆపేయండి. ప్రాసెసర్ వృథా శ్రమ తగ్గి, మిగిలిన వాట్లు గ్రాఫిక్స్‌కి వెళ్తాయి, ఆట నిలకడగా ఉంటుంది. స్టీమ్ డెక్ ఆడేవాళ్లు 40 అంటుంటారు, బాగుంటుందంటారు, నిజమే. కానీ వాళ్ల తెర 40 హెర్ట్జ్‌కి మారగలదు. మీ తెర మామూలు 60 హెర్ట్జ్‌ది అయితే 40 ఫ్రేములు దాంట్లో సమానంగా సర్దుకోవు, కొన్ని ఒక విడత, కొన్ని రెండు విడతలు నిలబడి కంటికి కుదుపుగా తెలుస్తుంది. 120 హెర్ట్జ్ తెర ఉన్నవాళ్లు 40 పెట్టుకోవచ్చు. మిగిలినవాళ్లకి 30 లేదా 60.

వేసవిలో రామగుండంలోనో రెంటచింతలలోనో కూర్చుని, లాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి ఆడితే ఏ సెట్టింగూ కాపాడదు. గాలి లోపలికి వెళ్లే కంతలు చాలా మోడళ్లలో అడుగునే ఉంటాయి. దుప్పటి వాటిని మూసేస్తుంది, చిప్ 95 డిగ్రీలు దాటుతుంది, తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఆట మొదలైన పావుగంట బాగుండి తర్వాత పడిపోతుంటే అనుమానించాల్సింది దీన్నే. గట్టి బల్ల మీద పెట్టి వెనకవైపు అంగుళం ఎత్తండి, ఒక పుస్తకం చాలు. కొని మూడేళ్లు దాటితే ఫ్యాన్ దుమ్ము దులిపించి, థర్మల్ పేస్ట్ కొత్తది వేయించండి. ఫ్యాన్లున్న కూలింగ్ ప్యాడ్‌ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. వాటిలో ఉపయోగపడేది చాలావరకు ఆ ఎత్తే.

తర్వాత పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీ తెర మీద 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. 1600 × 900కి దిగితే 14.4 లక్షలు. 1280 × 720 అయితే 9.2 లక్షలు, సగం కన్నా తక్కువ. ప్రతి ఫ్రేములోనూ అన్నిటికీ రంగు వేయాల్సింది ఆ చిన్న చిప్పే కాబట్టి మీరు మార్చగల సెట్టింగుల్లో దీనికి మించింది లేదు. 15 అంగుళాల తెర మీద 720 కాస్త మసకగా ఉంటుంది, కాదనను. అందుకే గేమ్‌లో ఎఫ్ఎస్ఆర్ ఉందేమో చూడండి. ఏఎండీ 2021లో తెచ్చిన ఈ పద్ధతి బొమ్మను చిన్నగా గీసి, తెరకు సరిపడేలా పదునుపెట్టి పెద్దది చేస్తుంది. ఇంటెల్ చిప్‌ల మీదా పనిచేస్తుంది. ఇంటెల్ వాళ్లది ఎక్స్‌ఈఎస్ఎస్. రెండూ ఉంటే రెండూ చూసి, కంటికి నచ్చింది ఉంచుకోండి. ఫ్రేమ్ జనరేషన్ అనే కొత్త మీటను మాత్రం ముట్టుకోకండి. అప్పటికే 60 దగ్గర నడుస్తున్న గేమ్‌ని ఇంకా నునుపుగా చూపించడానికి అది పనికొస్తుంది గానీ, 25 దగ్గర ఈడుస్తున్న దాన్ని బాగుచేయలేదు. అంకె పెరుగుతుంది, మౌస్ కదిపితే ఆలస్యం అలాగే ఉంటుంది.

మిగతా సెట్టింగుల్లో ముందు నీడలు తగ్గించండి, తర్వాత రిఫ్లెక్షన్లు, యాంబియెంట్ అక్లూజన్, పొగమంచు లాంటి వాల్యూమెట్రిక్ ఎఫెక్ట్‌లు. ఆన్‌లైన్ షూటర్ ఆడేటప్పుడు గోడ మీద నీడ అందంగా ఉందా లేదా అని చూసే తీరిక ఎవరికీ ఉండదు. 16 జీబీ ఉన్నవాళ్లు టెక్స్‌చర్లను మరీ అడుగుకు దించనక్కర్లేదు, మీడియం సరిపోతుంది.

విండోస్‌లో చేయాల్సింది తక్కువ. గేమ్ బార్ వెనకాల వీడియో రికార్డు చేస్తుంటే ఆపేయండి. టీమ్స్, బ్రౌజర్ మూయండి, కనీసం ఆఫీసు సందేశాల నుంచి కూడా కాసేపు విముక్తి. గ్రాఫిక్స్ డ్రైవర్ లాప్‌టాప్ కంపెనీ సైటులో పాతదే పడి ఉంటుంది, నేరుగా ఇంటెల్ లేదా ఏఎండీ సైటు నుంచి తీసుకోండి. మెమరీ ఇంటెగ్రిటీ అనే భద్రతా ఏర్పాటు ఆపితే కొన్ని ఫ్రేములు పెరుగుతాయన్నది నిజమే, ఆపుకోవచ్చని మైక్రోసాఫ్టే 2022లో గేమర్లకు చెప్పింది. అయినా నెట్ బ్యాంకింగ్, పీఎఫ్, ఆదాయపన్ను లాగిన్లన్నీ అదే మెషీన్‌లో ఉన్న ఉద్యోగి ఆ కొద్దిపాటి లాభం కోసం తలుపు తీసి పెట్టకూడదన్నది నా అభిప్రాయం. వాలరెంట్ అయితే విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ లేకపోతే తెరుచుకోనే తెరుచుకోదు, కాబట్టి భద్రతను తీసేయడమే వేగమన్న సూత్రం అక్కడ ఎదురు తిరుగుతుంది. క్రాక్ చేసిన గేముల సంగతీ ఇదే. ఉచితంగా వచ్చిన ఫైలులో ఏం దాక్కుందో చూసే యాంటీవైరస్‌నే ఆపేయమని అడిగేవాడిని నమ్మడమేమిటి?

చివరిగా గేమ్ ఎంపిక. చిప్‌తో పోట్లాడే గేమ్ కన్నా దానికి తగ్గ గేమ్ ఎంచుకోవడంలోనే సుఖం ఉంది. వాలరెంట్‌కి 30 ఫ్రేముల కనీస అర్హతగా చాలాకాలం రాసింది ఇంటెల్ హెచ్‌డీ 4000, అంటే 2012 నాటి చిప్. 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5 రెండు స్టిక్కులున్న ఐరిస్ ఎక్స్‌ఈ మీద 720లో హాయిగా ఆడుకోవచ్చు. మైన్‌క్రాఫ్ట్ జావా వాళ్లు సోడియం అనే ఉచిత మాడ్ వేసుకుంటే తేడా కళ్లకు కనపడుతుంది. పాత సీఎస్: గో నడిచింది కదా అని 2023 సెప్టెంబరులో దాని స్థానంలోకి వచ్చిన కౌంటర్-స్ట్రైక్ 2 కూడా అంతే తేలిగ్గా నడుస్తుందనుకోకండి, అది చాలా బరువు. 2024 చివర్లో వచ్చిన ఇండియానా జోన్స్, 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేనిదే నడవవు. ఏఎండీ పాత వేగా, ఇంటెల్ ఐరిస్ ఎక్స్‌ఈ చిప్‌లలో అది లేదు. ఏ చిట్కా వీడియో చూసినా ఫలితం ఉండదు.

ఇవన్నీ చేసినా చాలక కొత్త లాప్‌టాప్ కొనే ఆలోచన వస్తే, విడి కార్డు లేకుండానే బాగా నడిచేవి ఇప్పుడు ఉన్నాయి. ఏఎండీ రేడియాన్ 680ఎం, 780ఎం రెండింటిలోనూ 12 గ్రాఫిక్స్ యూనిట్లు ఉంటాయి. అదే రేడియాన్ 610ఎంలో రెండే. రైజెన్ 5 7520యూ అనే చిప్‌లో వచ్చేది ఆ రెండు యూనిట్లదే. 7000 సిరీస్ అని చూసి కొత్తది కదా అని కొంటే ఏళ్ల నాటి వేగా 7 కన్నా వెనకబడతారు. ప్రాసెసర్ పేరు కాదు, గ్రాఫిక్స్ పేరు అడిగి రాయించుకోండి. ర్యామ్ ఎన్ని చానెళ్లో కూడా.

ఉన్న లాప్‌టాప్‌తోనే సర్దుకుపోదలిస్తే, గేమ్ కొనే ముందు దాని స్టీమ్ పేజీలో కనీస అర్హతలు చదవండి. డెక్ మీద నడుస్తుందని ఉంటే ఆశ పెట్టుకోవచ్చు గానీ, డెక్ మీ ఐరిస్ ఎక్స్‌ఈ కన్నా బలమైనదని గుర్తుంచుకోండి. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకపోతే స్టీమ్ డబ్బు వెనక్కి ఇస్తుంది. కాబట్టి ఆ రెండు గంటల్లో కథ చూస్తూ కూర్చోకుండా, నేరుగా జనం, పోట్లాట ఎక్కువగా ఉండే చోటికి వెళ్లి, 720లో 30 ఫ్రేములు నిలబడుతున్నాయో లేదో చూడండి. నిలబడకపోతే మొహమాటపడకుండా రీఫండ్ అడగండి.